ఆ చేతులు కాకవి కావు

కాక చనిపోయిన సంగతి నాకు ఫోన్‌లో ఒక ఫోటోగా వచ్చింది. ఒమన్‌లోని సమాయిల్‌లో ఆయన ఇన్నేళ్లూ పనిచేసిన ఖర్జూర తోట వాళ్లు తమ పేజీలో పెట్టిన సంతాపం అది. మా తోట కుటుంబంలో ఒక విలువైన సభ్యుణ్ణి కోల్పోయాం అని అరబిక్‌లో రెండు ముక్కలు, ఇంగ్లీషులో రెండు ముక్కలు. పైన ఒక బొమ్మ. తెల్లటి పొడుగు చొక్కా అంచుల్లోంచి వచ్చిన రెండు చేతులు ఖర్జూరాకు బుట్ట మూతికి తాడుతో ముడి వేస్తున్నాయి. చనిపోయిన మనిషికి నివాళిగా పెట్టిన ఆ చేతులు కాకవి కావు. నావి.

కాసేపటికి ఆయన రూమ్‌లో ఉండే నిర్మల్ అన్న ఫోన్ చేసి అసలు సంగతి చెప్పాడు. "పొద్దుగాల నీళ్లు వెట్టొచ్చి చాయ్ తాగుకుంట కూసున్నడు. గట్లనే ఒరిగిండు తమ్మీ. గ్లాసు సుత కింద వడలె." ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. ఎవరి మీద రావాలో తెలియక మొదట ఆ ఫోటో మీద వచ్చింది.

కాకతో నాకు రక్తసంబంధం లేదు. జగిత్యాల దగ్గర మా ఊరికీ వాళ్ల ఊరికీ మధ్య ఒక వాగు ఉంది, అంతే. మస్కట్‌లో కలిశాక వరస కలుపుకున్నాం. ఊళ్లో ఆయన ఈతచెట్లు గీసి కల్లు తీసే మనిషి. గల్ఫ్‌కు మాత్రం బిల్డింగ్ పనికి హెల్పర్‌గా వచ్చాడు. సైట్ పక్కన ఎవరిదో ఖర్జూర చెట్టు ఒకటి ఎండిన మట్టలు వేలాడేసుకుని ఉంటే, అన్నం టైములో అందరూ నీడ వెతుక్కుంటుండగా ఈయన దానిమీదికెక్కి ఆ మట్టలన్నీ కొట్టేశాడట. "చెట్టు గట్ల గలీజుగ ఉంటె నాకు బువ్వ దిగలె" అన్నాడు నాతో. అది చూసిన తోట పెద్దాయన, అంటే అప్పటి యజమాని, ఇక్కడి మాటలో అర్బాబ్, ఈయన్ను అడిగి మరీ సమాయిల్ తీసుకుపోయాడు. ఇటుకలు మోయడానికి వచ్చినవాడు మళ్లీ చెట్టెక్కాడు.

ఊరినుంచి తెప్పించుకున్న, నడుముకు చుట్టుకునే మోకుతోనే ఎక్కేవాడు. ఎక్కేముందు చెట్టును రెండుసార్లు అరచేత్తో తట్టి "వస్తున్న" అనేవాడు. కింద రాలిన పండు తినేవాడు గానీ పైనున్నప్పుడు ఒక్కటి నోట్లో వేసుకోగా నేను చూడలేదు. శుక్రవారాలు నేను వెళ్తే ఇక్కడి ఎండు నిమ్మకాయలతో పచ్చిపులుసు చేసి, చింతపండు కంటే ఇదే బాగుందని ఒప్పుకునేదాకా వదిలేవాడు కాదు. నేను కంపెనీలో లేబుళ్లు గీస్తానని తెలిసినప్పటినుంచీ నన్ను పేరు పెట్టి పిలవలేదు. "ఏం రా బొమ్మలోడా, బొమ్మలు గీసుడు ఒక డ్యూటీనా" అనేవాడు.

ఇక ముడి సంగతి. చెట్టుకు లొట్టి, అంటే కల్లు కుండ, కట్టే ముడి అది. బరువు పడితే బిగుసుకుంటుంది, కొస పట్టుకుని ఒక్క గుంజు గుంజితే ఊడొస్తుంది. ఈ తోటలో కాక అదే ముడి ఖర్జూరం బుట్టల మూతులకు వేశాడు. బజారులో మిగతా బుట్టలు తెరవాలంటే కత్తి కావాలి, కోస్తే మళ్లీ కట్టడానికి తాడు మిగలదు. కాక బుట్టనైతే కొస గుంజి, ఒక పండు రుచి చూసి, మళ్లీ కట్టేయొచ్చు. "కట్టుడు ఏం గొప్ప రా, ఇప్పెటోడు తిట్కోవద్దు" అనేవాడు. కొన్నాళ్లకు సమాయిల్ బజారులో కొనేవాళ్లు తోట పేరు అడగడం మానేసి ఆ ముడి ఉన్న బుట్టలు ఏవని అడగడం మొదలుపెట్టారు. చెప్పండి, బ్రాండ్ అంటే ఇంతకంటే ఏముంటుంది?

కానీ పెద్దాయన పోయాక పగ్గాలు పట్టిన ఆయన కొడుకు, చిన్న అర్బాబ్‌కు కొత్త బ్రాండ్ కావాల్సి వచ్చింది. మస్కట్ అల్ ఖువైర్‌లో ఉన్న మా డిజైన్ కంపెనీకే వచ్చాడు. నెలల తరబడి మీటింగులు. మీ తోట ఒక జంతువైతే ఏ జంతువు అవుతుంది, మీ ఖర్జూరానికి ఏ రంగు వినబడుతుంది, ఇలాంటి ప్రశ్నలు. రంగు వినబడడమేమిటో నాకు ఈరోజుకీ తెలియదు. ఏదీ తేలక చివరికి అందరం తోటకు వెళ్లాం. మా మేనేజర్ బుట్ట మీద ముడి చూసి, కొస గుంజి, ఆగిపోయాడు. "ఇదే. ఇంకేం వెతకనక్కర్లేదు" అన్నాడు. బుట్టల బదులు రాబోయే కొత్త పెట్టెల మీద ఆ ముడే గుర్తు అని తేలిపోయింది. ఆ ముడి వేసిన మనిషి అప్పుడు మా నెత్తిమీదే చెట్టు మీద ఉన్నాడు. ఆయన్ను కిందికి పిలుద్దామని ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో, అది కల్లు లొట్టి కట్టే ముడి అని మేనేజర్‌కు చెప్పాను. ఆయన మొహం మాడిపోయింది. "ఆ మాట మళ్లీ నీ నోట రాకూడదు" అన్నాడు. సరే, ఈ దేశంలో ఖర్జూరం పెట్టె మీద కల్లు మాట వేయలేం, అంతమాత్రం నాకూ తెలుసు. నేను అడిగింది అది కాదు. మా తోటలో పనిచేసే తెలంగాణ మనిషి తెచ్చిన ముడి అని ఒక్క వాక్యం వేస్తే చాలన్నాను. పెట్టె మీద చివరికి ఏం వేశారో కొన్నవాళ్లు చదివే ఉంటారు. మూడు తరాలుగా మా కుటుంబం చేతుల్లో పదిలంగా ఉన్న ముడి అట. ఏ మూడు తరాలు? ఆ అక్షరాలు పేర్చింది నేనే. నోరు మూసుకుని పేర్చాను.

ఫోటోలు తీస్తారని తెలిసి కాక జుట్టుకు రంగేసుకున్నాడు, కొత్త చొక్కా తొడిగాడు. "మొకం వడ్తదా బొమ్మలోడా? మీ చిన్నమ్మకు పంపాలె. అన్నీ చెట్టు మీద ఫోటోలే, కింద నిలవడ్డది ఒక్కటి లేదు" అన్నాడు. పడుతుంది కాక అన్నాను. కెమెరా వాడు చేతులు మాత్రమే తీశాడు. ఆ చేతులు కూడా నచ్చలేదు వీళ్లకు. గోరు నల్లగా ఉందట, ముళ్లు గీరిన మచ్చలున్నాయట, ఖరీదైన సరుకులా కనబడదట. ఆ మచ్చలు ఎవరి చెట్లవి అని నేను అడగాల్సింది. అడగలేదు. మేనేజర్ నా చేతులకేసి చూశాడు. "నీకు ఆ ముడి వచ్చు కదా?" అన్నాడు.

వచ్చు అన్నాను. నిజానికి కాక సరదాగా నేర్పితే సగం నేర్చుకున్నాను. డ్రైవర్ దగ్గర తెల్లటి దిష్దాషా, ఇక్కడివాళ్ల పొడుగు చొక్కా, అడిగి తెచ్చి నాకు తొడిగించారు. ఆఫీసు బల్ల మీద లైట్లు పెట్టి తీశారు. తరవాత ఆ ఫోటో మీదినుంచే నేను లోగో గీశాను. ముడికున్న రెండు చెవులు ఒకటి చిన్నగా, ఒకటి పెద్దగా ఉంటే బాగోలేదని రెండూ సమానం చేశాను. అందరూ భుజం తట్టారు.

మొదటి పెట్టె కాక దగ్గరికి నేనే పట్టుకుపోయాను. మొహం ఏదని అడుగుతాడని దారంతా ఒక జవాబు తయారుచేసుకున్నాను. ఆయన పెట్టెను కళ్లకు దూరంగా పట్టుకుని, తిప్పి తిప్పి చూశాడు.

"ఎవడు కట్టిండు ఇది?"

"నేనే కాక."

"లొట్టి వడ్తది" అన్నాడు.

అంతే. ఆయన కోపం అంతా అదే. తాడు తెప్పించి, నన్ను కూర్చోబెట్టి, మూడుసార్లు కట్టించాడు. "చెవులు సమానం ఉండద్దు రా. చిన్న చెవి మీదికెల్లి పెద్దది పోవాలె. సమానం జేస్తె బరువు వడంగనే జారుతది." నేనే ఉండబట్టలేక, "నీ మొకం రాలేదు కాక" అన్నాను. "మొకం ఏం జేస్కోను? గింతమంది జూస్తరు, తప్పు ముడి జూస్తరు. మార్పియ్యి. ఒక్కటి మార్పియ్యి" అన్నాడు. అన్నేళ్లలో ఆయన నన్ను అడిగింది అదొక్కటే.

మేనేజర్‌తో చెప్పాను. "లోగోతో ఎవరైనా కుండలు కడతారా?" అని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. ఆ తరవాతి శుక్రవారం కాక అడిగాడు, "చెప్పినవా?" అని. చెప్తున్న కాక అన్నాను. మళ్లీ శుక్రవారం అదే మాట. ఆ తరవాత నేను సమాయిల్ వెళ్లడం తగ్గించాను. డ్యూటీ ఉందన్నాను, తలనొప్పి అన్నాను. చివరి రెండు నెలల్లో ఒక్కసారి కూడా వెళ్లలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు, అందుకని వెళ్లలేదు. ఇంత కోపంగా రాస్తున్నానే, ఇందులో నా వాటా ఎంతో మీకు తెలియాలి.

చిన్న అర్బాబ్ చెడ్డవాడు కాదు. కాకను ఊరికి పంపే కాగితాల కోసం తనే తిరిగాడు, ఆసుపత్రి దగ్గర నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. "మా నాన్న తరవాత మా చెట్లన్నీ పేరుపేరునా తెలిసింది ఆయనకే" అన్నాడు నాతో, హిందీలో. అప్పుడైనా వింటాడని, ఆ సంతాపం ఫోటో తీసేయమనీ, ముడి సరిచేయించమనీ అడిగాను. "ఇప్పుడా? పెట్టెలు షాపులన్నిటికీ వెళ్లిపోయాయి, లోగో రిజిస్టర్ అయిపోయింది" అన్నాడు. మనిషి పోయినందుకు ఏడవగలిగినవాడు ఒక గీత మార్చలేడా? నా ఒళ్లు మండిపోయింది. ఈసారి నోరు మూసుకోలేదు. ఆ ఫోటోలో ఉన్నవి నా చేతులని, ఆ ముడి తప్పని, అది వాళ్ల మూడు తరాలదీ కాదని అందరి ముందూ చెప్పాను. ఆయన తల దించుకున్నాడు. ఫోటో మాత్రం ఇంకా అక్కడే ఉంది.

కాక సామాను సర్దడానికి రూమ్‌లో గట్టి పెట్టె ఏదీ దొరకలేదు. తోట పెట్టెలే ఉన్నాయి, నాలుగు పక్కలా బంగారు రంగు ముడితో. అందులోనే పెట్టాం ఆయన బట్టలు, ఫోటో కోసం తొడిగిన చొక్కా, చిన్నమ్మకని దాచిన ఎండు నిమ్మకాయలు, పైన మోకు. నిర్మల్ అన్న టేప్ తెచ్చాడు. వద్దన్నాను. బుట్టలకు కట్టే తాడు తెచ్చి నేనే కట్టాను. రెండుసార్లు జారింది. మూడోసారి చిన్న చెవి మీదినుంచి పెద్దది పోనిచ్చి, పెట్టెను తాడు పట్టుకుని పైకెత్తాను. నిలిచింది.

లీవు మీద పోతున్న నిర్మల్ అన్నే దాన్ని వాళ్లింట్లో అప్పగించాడు. వారం తరవాత చిన్నమ్మ ఫోన్ చేసింది.

"ముడి ఆయనే కట్టిండా బిడ్డా, పోకముందుకు?"

అవునంటే ఆమెకు ఎంత ఊరటో నాకు తెలుసు. "కాదు చిన్నమ్మా" అన్నాను. "నేను కట్టిన. కాక నేర్పిండు."

"మంచిగ కట్టినవ్" అంది.

ఆ పెట్టె ఇంకా విప్పలేదట. ఆయన ఊళ్లో ఉన్నప్పుడు మోకు తగిలించే కొయ్య కిందే పెట్టుకుందట. రోజూ పొద్దున ఇల్లు ఊడ్చేటప్పుడు దాని దగ్గర ఆగి, తాడు కొస ఒకసారి చేతిలోకి తీసుకుని, గుంజకుండానే వదిలేస్తుందట.