లేని మేడకి పన్ను

రంగులాయన ఇంటిముందు నిలబడితే మీరు కూడా మోసపోతారు. అందులో సిగ్గుపడాల్సిందేం లేదు, వీధి వీధంతా మోసపోయింది. గోడ నిండా పాలరాయి. తలుపు టేకు. పైన మేడ, మేడకి నీలం రెక్కల కిటికీ, ఒక రెక్క ఓరగా తెరిచి, లోపల తెల్ల కర్టెను, గట్టు మీద పూలకుండీ. ఒకసారి ఓ కాకి ఆ కుండీ మీద వాలబోయి, గోడకి గుద్దుకుని, ఎదురింటి పిట్టగోడ మీద కూర్చుని చాలాసేపు తల విదిలించుకుంది.

ఎందుకంటే అదంతా రంగే. పాలరాయి రంగు, టేకు రంగు. ఇక మేడైతే అసలు లేనే లేదు. వెనకాల రేకులు కనపడకుండా ముందువైపు ఎత్తుగా లేపిన ఒట్టి గోడ అది. ఆ గోడ వెనక ఉన్నవి పగిలిన బకెట్లు, ఒంటికాలి స్టూలు, వాన పడితే పాట పాడే రేకులు.

ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకి రంగులు వెయ్యడం ఆయన పని. డబ్బా అడుగున మిగిలిన రంగు పారబొయ్యమంటే ఆయనకి ప్రాణం పోయినట్టుంటుంది. ఇంటికి తెచ్చి సొంత గోడకి పూసేవాడు. అలా పూసీ పూసీ ఇల్లు ముందు నుంచి చూస్తే జమీందారు, వెనక నుంచి చూస్తే జీతగాడు. బేరాలకొచ్చినవాళ్ళని ఆ గోడ ముందు నిలబెట్టి, "ముట్టుకోండి, ముట్టుకుని చూడండి" అని మురిసిపోయేవాడు. వాళ్ళు ముట్టుకుని, "అబ్బే, రంగా!" అంటే చాలు, ఆయనకి ఆ రోజుకి అన్నం అక్కర్లేదు.

ఆ మేడ కిటికీ మాత్రం బేరాల కోసం వేసింది కాదు. అక్క కోసం వేసింది. మొగుడు పోయాక అక్క ఒక కుట్టుమిషనూ, ఒక ట్రంకుపెట్టే తీసుకుని తమ్ముడింటికొచ్చి ముందు గదిలో దిగింది. వచ్చిన రోజున రేకుల వైపు ఒకసారి చూసి, "చిన్నప్పటి నుంచీ మేడున్న ఇంట్లో ఉండాలనుండేదిరా చిన్నోడా. సరేలే, ఎన్ని అనుకుంటాం" అని నవ్వేసి మిషన్‌కి నూనె వేసుకుంది. ఆ వారంలోనే మిగిలిపోయిన నీలం రంగుతో పైన కిటికీ మొలిచింది.

అక్క దాన్ని చూసి వీధంతా వినపడేలా పడీపడీ నవ్వింది. తర్వాత మెల్లిగా ఆ మేడలో కాపురం పెట్టేసింది. చిరుగులూ జిప్పులూ కుట్టించుకోడానికి వచ్చిన ఆడవాళ్ళు, "పైన ఖాళీయేనా అక్కా, అద్దెకిస్తారా?" అనడిగితే, నోట్లో దారం తెంపుతూ, "పైనా? తాళం వేసేశామమ్మా. దులపలేక చస్తున్నాం" అనేది. తమ్ముడు లోపల నోరు మూసుకుని నవ్వుకునేవాడు. ఎవరికి నష్టం చెప్పండి?

నష్టం ఎవరికో ఇంటిపన్నువాళ్ళు చెప్పారు.

ఇళ్ళన్నీ మళ్ళీ చూసి పన్ను కొత్తగా కడుతున్నారట. ఒకతను వచ్చి, రోడ్డు అవతలే నిలబడి, తలెత్తి చూశాడు. లోపలికి రాలేదు, ఎండగా ఉంది. ముందు గది కిటికీలోంచి అక్క కనపడితే, "పైన ఎవరుంటారమ్మా?" అన్నాడు. నోటికి అలవాటైపోయిన మాట కదా, అక్క తలెత్తకుండానే, "ఎవరూ లేరు బాబూ, తాళం వేసుంది" అనేసింది. అతను రాసుకుని వెళ్ళిపోయాడు.

నోటీసు వచ్చినప్పుడు రంగులాయన దాన్ని తిప్పి తిప్పి చదివాడు.

"ఏమే, ఇది మనిల్లేనా?"

"మనదే. నంబరు మనదే, పేరు మీదే" అంది భార్య.

"మేడిల్లంట. పాలరాయి గోడంట. టేకు తలుపంట." ఆయన మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది. "చూశావా! ఆఫీసువాడు కూడా కనిపెట్టలేకపోయాడు!"

"మురిసింది చాల్లే. కింద పన్ను చూడండి."

చూశాడు. వెలుగు ఆరిపోయింది.

భార్య గొంతు తగ్గించింది. "ఇదే ఖాయమైపోతే ఏటేటా కట్టాల్సిందే. మన వల్ల కాదు. ముందు గది అద్దెకిచ్చుకోవాలి. వదినని మీ అన్నగారింటికి పంపాలి. నాకూ ఇష్టం లేదండీ, ఇంకో దారి మీరే చెప్పండి."

అన్నగారిది నిజంగానే మేడ. పెద్ద బిల్డింగులో ఎక్కడో పైనుంది. కిటికీ తీస్తే ఎదురు బిల్డింగు బాత్రూం గొట్టాలు తప్ప ఏమీ కనపడవు. పలకరించే మనిషుండడు. వీధిలో పోయే ప్రతి మనిషినీ ఆపి, ఇంట్లో అందరూ కులాసాయేనా అనడిగే అక్క అక్కడ ఎన్నాళ్ళుంటుంది? రంగులాయనకి ఆ రోజు ముద్ద దిగలేదు. అక్కకి సంగతి చెప్పనూ లేదు.

మర్నాడు బామ్మర్దిని వెంటేసుకుని ఆఫీసుకెళ్ళాడు. బామ్మర్ది లిఫ్టులు బాగుచేస్తాడు. మనుషుల్ని పైకీ కిందకీ పంపిస్తుంటాడు కాబట్టి లోకంలో ఏ పనైనా తనకి తెలుసని అతని నమ్మకం.

మొదటి కౌంటరు అప్పీళ్ళది.

"మాకు మేడ లేదండీ" అన్నాడు రంగులాయన.

"లేదని రుజువుందా?"

"లేనిదానికి రుజువేంటండీ?"

"ఫోటో పెట్టండి."

బామ్మర్ది ఫోన్ తీసి వెంటనే చూపించాడు. ఫోటోలో ఇల్లు ఎండకి ధగధగలాడుతోంది. పైన నీలం కిటికీ, కర్టెను, పూలకుండీ. గుమాస్తా ఫోటోనీ రంగులాయననీ మార్చి మార్చి చూశాడు. "కుండీకి నీళ్ళెవరు పోస్తున్నారండీ?"

"అది రంగండీ."

"ఏది, పువ్వా?"

"అన్నీనండీ."

గుమాస్తా కళ్ళు నలుపుకుని అప్పీలు తీసుకున్నాడు, ఎవరో ఒకరు వచ్చి చూస్తారన్నాడు. బయటికి రాగానే బామ్మర్ది రంగులాయన భుజం మీద చెయ్యేశాడు. "బావా, ఇది తెమిలేది కాదు. లేని మేడకి పన్ను తీసెయ్యమంటే నమ్మరు. అదే ఖాళీగా ఉన్న మేడనుకో, రాయితీ ఉందంట. పక్క కౌంటర్లోనే."

"మనకి మేడే లేదు కదరా!"

"అందుకేగా ఖాళీగా ఉంది!"

రంగులాయనకి ఇది ఎక్కడో తప్పనిపించింది. ఎక్కడో మాత్రం తెలియలేదు. గోడకి పగులొస్తే ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపిస్తాడు గానీ, మాటకి పగులొస్తే ఆయనకి అందదు. పక్క కౌంటర్లో ఉన్నాయన మర్యాదగా కుర్చీ వేశాడు, పెన్ను కూడా ఇచ్చాడు. ఆ మర్యాదకి మొహమాటపడి ఖాళీ మేడ కాగితం మీద సంతకం పెట్టేశాడు.

ఇక చూడ్డానికొచ్చింది ఒక ఆఫీసరమ్మ. కళ్ళజోడు తల మీదకి తోసుకుని, చేతిలో రెండు కాగితాలూ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. వీధి సగం అప్పటికే అక్కడుంది. ఎదురింటి ఇస్త్రీ ఆవిడైతే పెట్టె పక్కన పెట్టేసి మరీ వచ్చింది.

"ఏమండీ, ఒకదాంట్లో మేడ లేదన్నారు. ఇంకోదాంట్లో మేడ ఖాళీగా ఉందన్నారు. రెండు సంతకాలూ మీవే. ఏది నిజం?"

రంగులాయన రెండు సంతకాల వైపూ చూశాడు. "రెండూనండీ... లేని మేడ ఖాళీగానే ఉంటుంది కదండీ."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆఫీసరమ్మ నవ్వలేదు.

"మావాడు వచ్చినప్పుడు, పైన తాళం వేసుందని ఇంట్లో ఆవిడే చెప్పారట. రాసుంది. తాళం తియ్యండి, చూస్తాను. మెట్లెటు?"

అందరి తలలూ ముందు గది కిటికీ వైపు తిరిగాయి. మిషన్ చప్పుడు ఆగింది. అక్క చెప్పింది అబద్ధమంటే ఇంతమందిలో అక్క పరువు పోతుంది. నిజమంటే అక్క గదే పోతుంది. ఏదో ఒకటి అనెయ్యాలని రంగులాయన, "నేనే అలా చెప్పమన్నానండీ" అన్నాడు.

"అంటే మేడుంది, మెట్లు దాచారా?"

"అయ్యో, మెట్లు లేవండీ!"

"మరి పైకెలా వెళ్తారు?"

"వెళ్ళమండీ!"

"మరి తాళమెలా వేశారు?"

ఆయన బామ్మర్ది వైపు చూశాడు. లోకంలో అన్నీ తెలిసిన బామ్మర్ది అప్పుడే చెప్పు ఉంగటం తెగినట్టు వంగిపోయి కాలు చూసుకుంటున్నాడు. ఇంకో దిక్కులేక భార్య ముందుకొచ్చింది. "మా వదిన ఆ గదిలో ఉండాలమ్మా. పన్ను తగ్గకపోతే ఆవిణ్ణి పంపించెయ్యాలి. ఆ భయానికే ఈయనకి నోరు తడబడుతోంది."

ఆ మాట కిటికీలోంచి లోపలికెళ్ళింది. అక్క బయటికొచ్చింది. వేలికి ఇంకా దారం చుట్టుకునే ఉంది.

"నన్ను పంపించెయ్యాలా? ఎక్కడికి, పెద్ద తమ్ముడింటికా? నాతో ఒక్క ముక్క అనలేదేరా చిన్నోడా?"

"ఎలా అనమంటావక్కా?"

అక్క ఒక్క క్షణం పైన కిటికీని చూసింది. తర్వాత ఆఫీసరమ్మని చూసి, వీధిలో అందరికీ వినపడేలా చెప్పింది. "మేడ లేదమ్మా. తాళం లేదు. మా తమ్ముడు నాకోసం వేసిన బొమ్మ అది. దాన్ని చూపించి మేడుందని అందరికీ గొప్పలు చెప్పుకున్నది నేను. వాడికేం తెలీదు, ఉత్త మొద్దు. ఒరేయ్ మొద్దూ, నిచ్చెన తే. ఆవిడే ఎక్కి చూస్తుంది."

ఇస్త్రీ ఆవిడ గుండెల మీద చెయ్యేసుకుంది. "అదేంటక్కా! మొన్న వానాకాలంలో ఆ కర్టెను వెనక ఎవరో తిరుగుతుంటే నా కళ్ళతో చూశానే!"

"నువ్వు చూస్తావే తల్లీ, చొక్కాలు కాలిన వాసనొచ్చినా వీధి వైపే చూస్తుంటావు."

వీధంతా గొల్లున నవ్వింది. ఇస్త్రీ ఆవిడ పెట్టె గుర్తొచ్చి పరిగెత్తింది.

ఆఫీసరమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని నిచ్చెనెక్కింది. కుండీని తట్టింది. ఓరగా తెరిచిన రెక్క సందులో వేలు పెట్టబోయింది, వేలు గోడకి తగిలింది. గోడ మీదుగా తొంగి చూసి, "రేకులే" అంది. దిగొచ్చి పాలరాయి మీద గోరు గీసింది, తలుపు తట్టి చెవి పెట్టింది. "ఇవి కూడానా?"

"ఇవీ అంతేనండీ" అన్నాడు రంగులాయన. గర్వపడాలో దణ్ణం పెట్టాలో తెలియక రెండు చేతులూ సగం లేపి ఆపేశాడు.

ఆవిడ ఖాళీ మేడ కాగితాన్ని కొట్టేసింది. అప్పీలు మీద మేడ తీసేసి రాసింది, పాలరాయీ టేకూ తీసేసింది. సొంతవాళ్ళే ఉంటున్నారు కాబట్టి దానికుండే మినహాయింపు కూడా రాసింది. అలాంటిదొకటుందని రెండు కౌంటర్లలో ఏ ఒక్కరూ చెప్పనే లేదు. "పన్ను పాతదానికంటే పెరగదు లెండి. కానీ ఈసారి వచ్చేవాడు కూడా రోడ్డు మీద నుంచే చూస్తాడు. ఆ కిటికీ సంగతి ఏదో ఒకటి చెయ్యండి" అని వెళ్ళిపోయింది.

సాయంత్రం రంగులాయన తెల్లరంగు డబ్బాతో నిచ్చెనెక్కాడు. కింద మిషన్ చప్పుడు లేదు. అక్క గుమ్మంలో కూర్చుని చూస్తోందని వెనక్కి తిరక్కుండానే ఆయనకి తెలుసు. బ్రష్షు ముంచాడు, ఎత్తాడు, తెల్లరంగు మోచేతి దాకా కారింది. ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. కిటికీ చెరపకపోతే మళ్ళీ మేడౌతుంది, చెరిపితే ఒట్టి గోడౌతుంది. చాలాసేపు అలాగే వేలాడి, కిందికి దిగి, తెల్లడబ్బా పెట్టేసి వేరే డబ్బాలు తీసుకుని మళ్ళీ ఎక్కాడు.

చీకటి పడేలోపు దిగాడు. కిటికీ ఉన్నచోటే ఉంది. కుండీ మాత్రం ఇప్పుడు కిటికీ పై అంచుకి తలకిందులుగా అతుక్కునుంది. పువ్వులు నేల చూస్తున్నాయి, మట్టి ఒక్క పలుకు రాలడం లేదు. కళ్ళున్నవాడెవడూ దాన్ని నిజం అనుకోడు.

"ఎలా ఉందక్కా?"

అక్క మెడ అటు వంచి చూసింది, ఇటు వంచి చూసింది.

"బాగానే ఉంది గానీ చిన్నోడా, రేపెవరైనా వచ్చి, పైన ఎవరుంటారమ్మా అనడిగితే ఏం చెప్పనురా?"

రంగులాయన బుర్ర గోక్కున్నాడు. వేళ్ళకున్న రంగంతా జుట్టుకంటింది.