వదిన ఫోన్‌లో నొక్కిన వేలు

రాజమండ్రి దానవాయిపేటలో హారతికి ఉన్నంత ఆరా ఇంకెవరికీ లేదు. పక్కింటి కుక్కర్ రెండోసారి ఎందుకు కూసిందో కనుక్కుంటే గాని ఆమెకు అన్నం సహించదు. ఇంజినీరింగ్ చదివి, ఇంట్లోనే కూర్చుని, ఆడవాళ్ల నెలసరి తేదీలు గుర్తుపెట్టుకునే యాప్ తయారుచేసింది. ఆ తేదీలు ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్‌కి కూడా వెళ్లే ఏర్పాటు చేసింది. అన్నవరంలో వ్రతానికి రోజు కుదుర్చుకునేటప్పుడు కోడళ్లను పక్కకి పిలిచి గుసగుసగా అడిగే అవస్థ తప్పుతుందని మురిసిపోయింది.

ఆ అవస్థ తప్పింది గాని ఇంకోటి వచ్చిపడింది. ఒకరోజు వదిన సత్యవేణికి నెల తప్పిందని హారతి తల్లి రామతులసి ఫోన్‌కి కబురొచ్చింది. ఆవిడ ఆగుతుందా? సాయంత్రానికల్లా వీధి వీధంతా పూతరేకులు పంచేసింది. సత్యవేణి మాత్రం మూడో నెల దాటేదాకా మొగుడికి తప్ప ఎవరికీ చెప్పకూడదనుకుంది. కిందటేడు ఒకటి పోయింది మరి. ఇదీ నిలవలేదు. పూతరేకులు తిన్నవాళ్లంతా ఓదార్చడానికి వచ్చారు. గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరికీ అదే సంగతి చెప్పుకోవాల్సి వచ్చింది, పాపం.

“నా సంగతి అత్తయ్యగారికి నీ యాప్ ఎందుకు చెప్పింది హారతీ?” అని అడిగి, వదిన మాట్లాడటం మానేసింది.

హారతిని ఆ ప్రశ్నే పట్టుకుంది. అనుమతి లేనిదే ఎవరి వివరాలూ పంచకూడదని చట్టముంది. అందుకే ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కితే తప్ప ఆ యాప్ కదలదు. మరి వదిన ఎప్పుడు నొక్కింది? రికార్డు తెరిచి, ఆ రోజేదో చూడగానే గుర్తొచ్చింది. ఆవేళ వదిన చేపలు తోముతోంది. “ఫోన్ ఇలా ఇవ్వు వదినా, యాప్ నేను వేసిపెడతా” అని, అడిగినచోటల్లా హారతే గబగబా నొక్కేసింది. సిగ్గుతో చచ్చినంత పనైంది.

యాప్‌ని మొదట్నుంచీ మార్చేసింది. పెద్దవాళ్లకి కబురు వెళ్లే దారి తీసేసి, తన దగ్గరున్న తేదీలన్నీ చెరిపేసింది. ఇకమీద ఎవరివి వాళ్ల ఫోన్‌లోనే ఉంటాయి. ఆ ఏర్పాటు కోసమే యాప్ పెట్టుకున్న అత్తగార్లు తిట్టుకున్నారు.

కొన్నాళ్లకి, భోజనాలయ్యాక, సత్యవేణి బొప్పాయి ముక్క వద్దని వంటింట్లోకి వెళ్లిపోయింది. రామతులసి కళ్లు మెరిశాయి.

“నీ యాప్‌లో చూసి చెప్పవే!”

తెలుసుకోవాలని హారతికీ ప్రాణం లాగేస్తోంది.

“నాక్కూడా కనపడదమ్మా. అలాగే చేశాను.”

“మరి మనకెలా తెలుస్తుందే?”

“వదిన చెబితే.”

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. కాసేపటికి సత్యవేణి గుమ్మంలోకొచ్చి, ఇన్నాళ్లకి మొదటిసారి, “కాఫీ తాగుతావా హారతీ?” అంది. అంతకుమించి ఏమీ చెప్పలేదు. హారతీ అడగలేదు.