వన్స్ మోర్ అన్న పెద్దావిడ

ధవళేశ్వరం దాటాక, బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ మాట కలిపారు. ఒకప్పుడు పద్యనాటకాల్లో వేషాలు కట్టేవారట. రాజమండ్రిలో తను ఆడిన పాత నాటకశాలను ఏసీ ఆడిటోరియంగా మార్చి, ప్రారంభోత్సవానికి పిలిస్తే వెళ్లి వస్తున్నారు.

"కుర్రాడు పద్యం ఎత్తుకున్నాడండి. ప్రాణం లేచొచ్చి, వన్స్ మోర్ అని అరిచాను. ఆ హాల్లో జనం అలా అరిస్తేనే కదండీ, నేను ఒక్కో పద్యం మూడేసిసార్లు పాడింది! గార్డు వచ్చి, డిస్టర్బెన్స్ అమ్మా, బయటికి రండి అన్నాడు."

ఆ పద్యం వినిపించమన్నాను. కిటికీ వైపు తిరిగి సన్నగా ఎత్తుకున్నారు. మొదటి పాదం పూర్తికాకుండానే ముందుసీటాయన తల తిప్పకుండా, "ఫోన్ సౌండ్ కాస్త తగ్గించండి" అన్నాడు.

ఆవిడ ఆపేశారు.

ఆ హాల్లో సౌండ్ సిస్టమ్ అద్భుతమని అందరూ అంటారు. నేనింకా వెళ్లలేదు.