సేపు పండ్లు, కాసేపు

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున మా వదిన చనిపోయింది. పాల ప్యాకెట్ తీసుకోవడానికి తలుపు తెరిచిన మనిషి గుమ్మంలోనే కూలబడింది. పంజాగుట్ట ఆసుపత్రికి తీసుకుపోయేసరికే అంతా అయిపోయింది. గుండె అన్నారు. ఆమెకు గుండె జబ్బు ఉన్నట్టు ఆమెకే తెలియదు. మా అన్న బీపీ, మా అన్న మాత్రలు, మా అన్న చేతి ఎక్సర్‌సైజులు తప్ప, తను ఒక్కసారైనా డాక్టరుకు చూపించుకున్న పాపాన పోలేదు. ఈ మాట రాస్తుంటే నాకు ముందు కోపమే వస్తోంది. ఏడుపు దాని వెనకాల వస్తోంది.

నేను ఆమెకు ఆడబిడ్డను. ఆడబిడ్డ వదిన గురించి నాలుగు మంచి మాటలు రాయడం అరుదు కాబట్టి, రాసినవి నమ్మండి. అలాగని ఆమె దేవత కాదు. నా పెళ్లికి మా అమ్మ తనకు పెట్టిన చీర మొదటి ఉతుకుకే రంగు దిగిందని ముప్పై ఏళ్లు గుర్తుపెట్టుకున్న మనిషి. నాకు యాభై దాటి, జుట్టుకు రంగేసుకునే రోజులొచ్చినా నన్ను "ఏం పిల్లా" అనే పిలిచేది. నలుగురిలో అలా పిలవొద్దంటే, నలుగురిలో ఇంకాస్త గట్టిగా పిలిచేది.

సిరిసిల్ల నుంచి పెళ్లయి అమీర్‌పేటకు వచ్చింది. కింద రెండు అంతస్తుల్లో కంప్యూటర్ కోచింగ్ సెంటర్లు, మూడో అంతస్తులో వీళ్ల రెండు గదుల ఇల్లు. మా అన్న చీరల షాపులో సేల్స్‌మన్. ఆయన షాపులో అమ్మిన చీరల్లో చాలావాటికి ఇంట్లో ఈమె ఫాల్స్ కుట్టేది. అన్న మహా మాటకారి. చీర మడత విప్పి తన భుజం మీదే వేసుకుని, "అక్కా, గీ రంగు నీ కోసమే నేసిండ్రు" అన్నాడంటే, ఊరికే చూసిపోదామని వచ్చినవాళ్లు కూడా సంచి పట్టుకునే మెట్లు దిగేవాళ్లు. ఇంటికొచ్చాక కూడా ఆ నోరు ఆగేది కాదు. వదిన పెదవుల మధ్య గుండుసూదులు పట్టుకుని ఫాల్ కుడుతూ "ఊఁ, ఊఁ" అంటుండేది.

అలాంటి మనిషికి మూడేళ్ల కింద పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది. కొన్ని వారాలకు ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేశారు. మాట కొంత వచ్చిందిగానీ ముక్కలు ముక్కలుగా వచ్చేది. మనసులో మాట ఉంటుంది, నోటికి అందదు. చెయ్యి పోయినందుకన్నా మాట పోయినందుకే అన్న ఎక్కువ కుంగిపోయాడు.

మన దగ్గర ఒక పద్ధతి ఉంది. మనిషి మంచాన పడ్డాడంటే ఆపిల్ పండ్లు తీసుకుని పోవాలి. ఆ మనిషి నమలగలడా, అసలు ఆపిల్ అంటే ఇష్టమేనా అని ఎవరూ అడగరు. ఆసుపత్రి గేటు ముందు బండి మీద అరడజను కొంటే మన బాధ్యత తీరిపోయినట్టే. మా వైపు ఆపిల్‌ను సేపు పండు అంటాం. అన్న ఇంటికి వచ్చాక కూడా ఆ సేపు పండ్ల ధార తెగలేదు. ఫ్రిజ్‌లో సేపు పండ్లు, ఫ్రిజ్ మీద సేపు పండ్లు, చివరికి కుట్టుమిషన్ సొరుగులో కూడా సేపు పండ్లే.

పండ్లు తెచ్చినవాళ్లు మాత్రం ఐదు నిమిషాలు కూర్చునేవాళ్లు కాదు. కుర్చీ అంచున కూర్చుని, అన్నను చూసి తల పంకించి, తర్వాత వదిన వైపు తిరిగి "తింటుండా? నిద్ర పడుతుందా? మందులు ఏస్కుంటుండా?" అని అడిగేవాళ్లు. ఎదురుగా ఉన్న మనిషిని వదిలేసి ఆయన గురించి పక్కమనిషిని అడగడమన్నమాట. వదిన ఒకటే జవాబు చెప్పేది. "గాయన ఈడనే ఉన్నడు గద. ఆయన్నే అడుగుండ్రి." అడిగేవాళ్లు. అన్న ఏదో చెప్పబోయేవాడు. మాట వచ్చేలోపు వీళ్లకు ఇబ్బంది మొదలై, వాచీ చూసుకుని లేచేవాళ్లు. వాళ్లనీ తప్పు పట్టలేం. చెట్టంత మనిషి ఒక్క మాట కోసం అంత అవస్థ పడుతుంటే చూడడం ఎవరికైనా కష్టమే.

ఒక సాయంత్రం అలా ఒకాయన వచ్చి వెళ్లిపోయాక, వదిన ఆ పండ్ల సంచిని బల్ల మీద దభీమని పెట్టింది.

"చూసినవా పిల్లా? సేపు తెచ్చినోళ్లు ఒక్కలు సుత కాసేపు కూసుంటలేరు."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"మీ అన్నకు పండ్లు తక్కువైనయా? మనుషులు తక్కువైన్రు. పొద్దుగూకులు గోడ దిక్కు చూస్తుండు. ఉన్న నాలుగు మాటలు సుత మర్చిపోతడు గిట్లయితే."

అదీ ఆమె ఫికర్. ఇంట్లో జరుగుబాటు గురించి నేను దిగులుపడేదాన్ని గానీ ఆమె దిగులంతా అన్న నోట్లో మాట గురించే.

కేకు సంగతి మొదట పండ్లు పాడవకూడదని మొదలైంది. వరంగల్‌లో బ్యాంకులో పని చేసే మా మేనకోడలు, అంటే వదిన కూతురు, ఫోన్‌కు ఒక వీడియో పంపింది. ఆపిల్ కేకు, చాలా సులువు, ఓవెన్ లేకపోయినా కుక్కర్‌లో అవుతుందని. వీడియో ఇంగ్లీషులో ఉంది. అందులో ఆవిడ "స్పైసెస్" అనే మాట పదిసార్లు అన్నది. స్పైసెస్ అంటే మసాలా అని వదినకు తెలుసు. ఇంట్లో మసాలా ఏముంటే అదే కదా. రెండు చెంచాల బిర్యానీ మసాలా కుమ్మరించింది.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. చూడడానికి బాగానే పొంగింది. మెత్తగా ఉందని అన్నకు ఒక ముక్క తినిపించింది. అన్న నమిలాడు, ఆగాడు, ఆమె మొహంలోకి చూశాడు.

"బి... బిరి..." అన్నాడు.

"ఏందీ?"

"బిర్యానీ!"

ఆసుపత్రి నుంచి వచ్చాక అంత స్పష్టంగా ఆయన నోటి నుంచి ఊడిపడిన మొదటి మాట అది. వదిన ఒక ముక్క నోట్లో వేసుకుంది, అప్పుడు అర్థమైంది. నేల మీద కూలబడి నవ్వింది. అన్న కూడా నవ్వాడు, ఒకపక్కనే అయినా నవ్వాడు. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో నవ్వు విన్నాను.

తర్వాత తర్వాత కేకు కుదిరింది. ఒక గ్లాసు గోధుమపిండి, ముప్పావు గ్లాసు బెల్లం పొడి, అర గ్లాసు పెరుగు, పావు గ్లాసు నూనె, అర చెంచా తినే సోడా. దాల్చిన చెక్క, యాలకులు, కాస్త శొంఠి రోట్లో దంచి జల్లెడ పట్టేది. ఒక సేపు పండును తురిమి పిండిలో కలిపేది, ఇంకో పండును చిన్న ముక్కలు కోసి పైన చల్లేది. గుడ్డు వేసేది కాదు, సోమవారం అని ఒకరు, శనివారం అని ఒకరు ముట్టరని. పాత కుక్కర్ మూతకు రబ్బరు, విజిల్ తీసేసి, అడుగున ఉప్పు పోసి, స్టాండు మీద గిన్నె దించి, మంట బాగా చిన్నది చేసేది. అన్నకు తీపి ఎందుకని నేను గొడవపడితే, "ఆయనకు షుగర్ లేదు, నీకున్నది. నువ్వు తినకు" అని నా ముక్క తీసేసేది.

వీడియోలో ఉన్నదంతా ఇంతే. లేనిది ఒకటి వదిన కనిపెట్టింది. కేకును ముందుగా చేసి పెట్టడం మానేసింది. ఎవరైనా సేపు పండ్లు పట్టుకుని గుమ్మంలోకి వచ్చాకే పొయ్యి వెలిగించేది. వాళ్లు తెచ్చిన పండ్లలోంచే రెండు తీసి, చాకు, పళ్లెం వాళ్ల చేతికే ఇచ్చేది. "జర పొట్టు తియ్యుండ్రి. కేకు పెడుతున్న, తిని పోదురు." మన కోసం పొయ్యి మీద ఏదో పెట్టారంటే లేచి పోవడం మన ఇళ్లల్లో మర్యాద కాదు. అది వదినకు బాగా తెలుసు. ముప్పావు గంట వాళ్లకు కదలడానికి లేదు. పొట్టు తీయడం అయిపోయాక ఎదురుగా అన్న తప్ప ఇంకెవరూ ఉండరు. ఈమె "కేకు చూసొస్త" అని వంటింట్లోకి పోయేది, రమ్మన్నా వచ్చేది కాదు.

షాపులో అన్నకు పక్క కౌంటర్‌లో పనిచేసిన అతను ఒకడున్నాడు. మొదటిసారి వచ్చినప్పుడు హెల్మెట్ ఒళ్లోంచి దించకుండా కూర్చుని, "పోతా వదినా, టైమైంది" అని మెట్రో పట్టుకోబోయే మనిషిలా పరుగెత్తాడు. రెండోసారి చాకు చేతికి చిక్కింది. పొట్టు తీశాడు. ఊరుకోలేక షాపులోకి వచ్చిన కొత్త సరుకు సంగతి ఎత్తాడు.

"బా... బార్డర్?" అన్నాడు అన్న.

"గింత ఉన్నదన్నా," అని అతను వేళ్లతో చూపించాడు. ఇక అక్కడి నుంచి చీరల్లో పడిపోయారు. అన్న ఒక రంగు పేరు చెప్పడానికి తంటాలు పడుతుంటే నేను ఉండబట్టలేక "నెమలికంఠం" అని అందించబోయాను. వంటింట్లోంచి కేక. "మాట అందియ్యకు పిల్లా. ఆయన మాట ఆయన్నే తెచ్చుకోనియ్యి." అన్నే తెచ్చుకున్నాడు. నేననుకున్నది తప్పు, ఆయన అంటున్నది చిలకాకుపచ్చ.

ఈ మూడేళ్లలో ఆ ఇంటికి మనుషులు రావడం ఎక్కువైంది. కేకు కోసం కొందరు, మా అన్న కోసం కొందరు. పక్క కౌంటర్ అతను షాపుకు సెలవైన ప్రతిసారీ వచ్చేవాడు. అన్న మాట పూర్వంలా రాలేదు, ఇక రాదు కూడా. కానీ వాక్యం మొదలుపెడితే చివరికంటా పోయేవాడు.

పోయిన వానాకాలం ఒక మధ్యాహ్నం నేను వెళ్లేసరికి హాల్లో ఆ పక్క కౌంటర్ అతను, అన్న కూర్చుని ఉన్నారు. మెట్ల మీదికే దాల్చిన చెక్క వాసన కొట్టింది. నేరుగా వంటింట్లోకి పోయాను. కుక్కర్ పక్కన పెట్టి ఉంది. కేకు పళ్లెంలోకి తీసి, పైన గుడ్డ కప్పి ఉంది. వదిన కింద గోడకు ఆనుకుని కూర్చుంది. ఒళ్లో ఫాల్ కుట్టాల్సిన చీర, చేతిలో సూది. కుట్టడం లేదు.

"అయిందా? తీస్కపోయి ఇయ్యాల్నా?" అన్నాను.

పెదవుల మీద వేలు పెట్టుకుంది. "ఎప్పుడో అయింది. మెల్లగ మాట్లాడు. పెండ్లిచూపుల సంగతి చెప్తుండు."

విన్నాను. మా అన్న ఒక్కో మాట కూడదీసుకుంటూ చెబుతున్నాడు. సిరిసిల్లకు పిల్లను చూడడానికి పోయి, ఆమె కట్టుకున్న చీర నేత చూస్తూ కూర్చుని, ఇంటికొచ్చాక పిల్ల ఎట్లుందని అమ్మ అడిగితే చీర రంగు చెప్పాడట.

"నన్ను చూడనీకి వచ్చి చీర చూసి పోయిండు," అంది వదిన గుసగుసగా. మొహమంతా నవ్వు. "ఇన్నేండ్లల్ల ఎన్నడన్న చెప్పిండా నాకు?"

"అతనికి పనులుంటయి వదినా, ఎంతసేపు కూసోబెడుతవు?"

"ఉంటయి, నాకు లేవా? ఆగు. మొత్తం చెప్పనియ్యి."

కేకు చల్లారిపోయింది. అన్న కథ ముగించాక ఆమె లేచి, కొంగు సర్దుకుని, అప్పుడే దించినట్టు హడావుడిగా తీసుకుపోయింది. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఆమె సంగతి నాకొక్కదానికే తెలుసనుకుని లోపల కొంచెం గర్వపడ్డాను కూడా.

ఆమె పోయాక అన్న నోరు విప్పలేదు. దినాలు జరిగినన్ని రోజులూ ఇల్లు నిండా జనమే. అందరూ మళ్లీ పాత పద్ధతిలో నన్నే అడిగారు, తింటుండా, నిద్రపోతుండా అని. వరంగల్ తీసుకుపోతానని కూతురు అడిగితే తల అడ్డంగా ఊపాడు, అంతే. ప్రస్తుతానికి నేనే వచ్చి అక్కడ ఉంటున్నాను. మూడేళ్లు కూర్చి కూర్చి తెచ్చిన మాట మళ్లీ పడిపోతుందేమోనని నాకు భయం వేసింది. అదే జరిగితే ఆమె రెండోసారి పోయినట్టే అనిపించింది.

దినాలయిన మర్నాడు పక్క కౌంటర్ అతను వచ్చాడు. చావింటికి ఏం తేవాలో తెలియక ఖాళీ చేతులతో వచ్చాడు. అన్న ఎదురుగా కూర్చున్నాడు. నన్ను ఏమీ అడగలేదు, అన్ననూ అడగలేదు. కింద కోచింగ్ సెంటర్ వదిలిన గోల వినబడి, తగ్గిపోయింది. అతను కదల్లేదు.

చాలాసేపటికి అన్న గొంతు సవరించుకున్నాడు.

"నాకు... తెలుసు."

"ఏందన్నా?"

"పొయ్యి... బంద్ జేసిన... సప్పుడు." ఆగాడు. నాకు నోటిదాకా వచ్చింది, అందించలేదు. "రోజు... ఇనొచ్చేది."

కేకు అయిపోయినా ఆమె లోపలే కూర్చునేదని ఆయనకు మొదటి నుంచీ తెలుసన్నమాట. "మరి ఎందుకు చెప్పలేదన్నా ఆమెకు?"

అన్న నా వైపు చూడలేదు. మాట కోసం వెతుక్కున్నాడు, దొరికింది.

"ఇంటుండె గద... ఆమె. గందుకే... మాట్లాడిన."

ఇప్పుడు రోజూ ఎవరో ఒకరు వస్తున్నారు. అన్న మాట్లాడుతున్నాడు. ఎదుటివాళ్లు మూరెడు దూరంలోనే కూర్చున్నా, వంటింట్లోకి వినబడేంత గట్టిగా మాట్లాడుతున్నాడు.