వరండా లీడరు

ఆ రోజుల్లో, అంటే తొమ్మిదో తరగతిలోనే, నేను అధికారం చలాయించాను. రేపల్లెలో మా హైస్కూల్లో ‘వరండా లీడరు’ అని ఒక పదవి ఉండేది. రెండో బెల్లు మోగగానే మెట్ల మీద నిలబడి, ఆ తర్వాత వచ్చినవాళ్ళ పేర్లు పుస్తకంలో రాయాలి. నన్ను ఎంచుకున్నది తెలివి చూసి కాదు, మా ఇల్లు బడికి ఎదురుగా ఉందని (ఆలస్యంగా వద్దామన్నా కుదరదు). ఓణీకి పిన్నీసుతో లీడరు అట్టముక్క గుచ్చుకున్నాక, పూజకు ఆలస్యమైందని మా నానమ్మ పేరు కూడా రాసేశాను.

నా బెంచీలో పక్కన కూర్చునే నేస్తానిది సముద్రం ఒడ్డు ఊరు. పొద్దున్నే పడవ వచ్చాక వాళ్ళమ్మతో కలిసి చేపలు ఏరి, తట్టలు ఆటో ఎక్కించి, అప్పుడు బస్సెక్కేది. బస్టాండు నుంచి బడిదాకా ఒకటే పరుగు. అలా పరుగెత్తీ పరుగెత్తీ బడిలో దాన్ని మించినవాళ్ళు లేకుండా పోయారు. బాపట్లలో జరిగే పరుగుపందేలకు అదే వెళ్ళాలి. "బాపట్ల ఇంతవరకూ చూళ్ళేదే నేను," అని నెలరోజులు నా చెవిలో ఊదింది. అయితే డ్రిల్లు మేష్టారిది ఒక నియమం. నా పుస్తకంలోకి ఐదుసార్లు ఎక్కినవాళ్ళకు ఆటలు లేవు. దానికి అప్పటికే నాలుగయ్యాయి.

ప్రయాణానికి ముందురోజు బెల్లు ఆగేసరికి దాని ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు కింద ఉంది. నా వెనక హెడ్మాస్టరు గారు. "రాయకే, నీకు దణ్ణం పెడతా," అంది రొప్పుతూ. "రూలు రూలేనే," అంటూ ఐదోసారి రాసేశాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. హెడ్మాస్టరు గారు మమ్మల్ని చూడనైనా లేదు, గోడకు సున్నం ఎక్కడ రాలిందో చూసుకుంటున్నారు.

"ఒక్కసారన్నా లేటు కానిది నువ్వేగా. కాళ్ళూ పొడుగే. పదమ్మా బాపట్ల," అన్నారు డ్రిల్లు మేష్టారు. "నాకు పరుగు రాదండి," అన్నాను. "అక్కడికెళ్తే అదే వస్తదిలే," అన్నారు. రాలేదు. నేను గీత దాటేసరికి తర్వాతి పందెం పిల్లలు వరసలో నిలబడి, నన్ను కాస్త పక్కకు జరగమన్నారు.

మర్నాడు నేస్తం కోపం లేకుండానే అడిగింది. "గ్రౌండంతా గడ్డేనంటగా, కాళ్ళకి మెత్తగా ఉంటదంటగా. నిజమేనా?" "ఏం గడ్డి, ఒట్టి మట్టే. నువ్వు రాకపోడమే మంచిదయింది," అన్నాను. నమ్మి, పోన్లే అన్నట్టు నవ్వింది. నిజం చెప్పే ధైర్యం నాకు వచ్చేలోపే బడి మానేసింది.

ఇప్పుడు నేను తెనాలిలో టీచర్ని. బెల్లు మోగాక ఎవరైనా గేటు దాటితే కిటికీ వైపు తిరిగి దగ్గుతాను. పిల్లలు ఇది ఎప్పుడో కనిపెట్టి, కబుర్లు చెప్పుకుంటూ తీరిగ్గా నడిచొస్తున్నారు. "మీరే చెడగొడుతున్నారండి వీళ్ళని," అని తోటి టీచర్లు విసుక్కుంటారు. ఇంతమందిని వదిలేశాను గానీ, వదలాల్సిన ఆ ఒక్కదాన్నీ వదల్లేదు.