నాయకుని తల్లికి వేసిన రాయి

గత నెలలో నా భార్య చనిపోయింది. మూడు రోజుల జ్వరం, అంతే. మన బ్రిజే వెర్దియేర్ ఊరి శ్మశానంలోనే పాతిపెట్టాం. పలకరించడానికి వచ్చిన మీకెవరికీ ఆ రోజుల్లో సరిగా జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె బడికి వెళ్లలేదు. నేను కాలేజీలో చదివి, మీరంతా "మిస్యే" అని పిలిచే బడిపంతులునయ్యాను. ఏం రాసినా ముందు ఆమెకు చదివి వినిపించేవాణ్ణి. బియ్యం ఏరుతూ వినేది. చెయ్యి ఆగిందంటే నేను రాసినదాంట్లో ఏదో తప్పుందన్నమాట.

సముద్రం దాటి ఈ దీవి చెరకు తోటలకు వచ్చిన మన కూలీల తరఫున మొదట మేజిస్ట్రేటు ముందు నిలబడిన నాయకుడు మీకు తెలుసు. తల్లి పోయిన రోజున ఆయన జైల్లో ఉన్నాడు, దొర రాసిచ్చే పాసు లేకుండా తోట దాటినందుకు. ఆమెను ఆ రోజే పాతిపెట్టారు. మోసిన నలుగురూ తర్వాత వేరే తోటలకు వెళ్లిపోయారు. ఎక్కడ పాతిపెట్టారో ఆయనకు చివరిదాకా తెలియలేదు.

ఆయన పోయాక మా భజన సంఘం ఆ తల్లికి సమాధి రాయి వేయించాలనుకుంది. ఆనవాలు లేని దిబ్బలు ముప్పైకి పైగా ఉన్నాయి. మామిడిచెట్టు కింది దిబ్బ చూడటానికి బాగుందని నేనే ఎంచాను. "నాయకుని తల్లి ఇక్కడ విశ్రమించినది" అని రాసి, ఇంటికి తెచ్చి చదివాను.

చెయ్యి ఆగింది.

"ఆ దిబ్బేనని ఎవరు సెప్పినారండీ?"

"ఎవరూ చెప్పలేదు. ఏదో ఒకటి కావాలి కదా."

"కాలేజీలో గోతులు కనుక్కునే పాఠం కూడా సెప్పినారేటి?" అని నవ్వింది. వెంటనే నవ్వు ఆపేసింది. "మా అమ్మమ్మ కూడా ఆ దిబ్బల్లోనే ఉంది. ఏ దిబ్బో నాకు తెల్దు. ఆవిడ మీద ఇంకో అమ్మ పేరు ఎట్టేస్తారా?"

కాగితం చింపేశాను. సంఘం పెద్దకు కోపం వచ్చింది, పని ఆగిపోయింది. ఏటా నవంబరులో అందరూ సమాధులకు పూలు పెట్టే రోజున నా భార్య ఆ దిబ్బలన్నిటి మీదా బంతిపూలు ఉంచేది. "అన్నిటికీ ఎడితే ఇద్దరికీ అందినట్టే" అనేది.

ఇప్పుడు ఆమె పదకొండో రోజు ముగిశాక సంఘం పెద్ద వచ్చాడు.

"మిస్యే, రాయి మాటేటి? ఇప్పుడు కాదనే మనిషి లేదు కదా. మామిడిచెట్టు కిందే ఏసేద్దాం."

"నేనున్నాను" అన్నాను.

"అయితే ఏటి రాయమంటారు?"

రాసి చదివాను. "మన నాయకుని తల్లి ఈ శ్మశానంలో ఉంది. ఏ చోటో మాకు తెలియదు."

"మళ్లీ ఓసారి సదవండి" అన్నాడు. చదివాను. కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "మా నాయన కూడా ఇక్కడే, మిస్యే. ఎక్కడో తెల్దు. అలాగే సెక్కించండి."

నిన్న ఎడ్లబండి మీద రాయి వచ్చింది. పడమటి గేటు పక్కన, ముఖం లోపలికి తిప్పి నిలబెట్టాం. పొద్దు వాలుతున్నకొద్దీ దాని నీడ సాగింది. ఒక దిబ్బ దాటింది, ఇంకొకటి దాటింది. నా భార్య దిబ్బ మీది, ఇంకా పచ్చి ఆరని మట్టి మీదికీ వచ్చింది. అక్కడా ఆగలేదు.