ఎర్తు గుంతలో నీళ్ళు

పాఠం పాఠంలా చెప్తే పిల్లలు మర్నాటికి మర్చిపోయేవారు. ఎవరికో జరిగినట్టు చెప్తే నెలల తర్వాత అడిగినా గుర్తుండేది. హనుమకొండలో సైన్సు సారుగా చేరిన కొత్తలోనే నాకీ సంగతి పట్టుబడింది. వేడికి ఇనుము సాగుతుందని చెప్పాలంటే, బండి చక్రానికి ఎర్రగా కాల్చిన పట్టా ఎక్కించబోయి ధోతి కాల్చుకున్న కమ్మరి కథ చెప్పేవాణ్ణి. పీడనం చెప్పాలంటే, తలమీద చుట్టబట్ట లేకుండా బస్తా ఎత్తుకున్న కేసముద్రం హమాలీ కథ. వీటిలో సగం జరిగినవి, సగం నేను కలిపినవి. కూరలో ఉప్పు వేసినట్టే కదా అనుకునేవాణ్ణి. మంచి సారునన్న పేరు కూడా వచ్చింది. ఆ పేరు నాకు చాలా ఇష్టంగా ఉండేది.

అవి డెబ్బైల చివరి సంవత్సరాలు. పల్లెల్లో బావుల మీదికి కరెంటు మోటార్లు వస్తున్న కాలం. ఒక సోమవారం పదో తరగతికి ఎర్తింగ్ పాఠం చెప్పాలి. క్లాసులోకి వెళ్ళగానే మూడో బెంచీలో నున్నటి గుండు కనిపించింది. పరకాల దగ్గరి పల్లె నుంచి వచ్చి, ఇక్కడ మేనత్త ఇంట్లో ఉండి చదువుకునే పిల్లవాడు. చాలా రోజులుగా బడికి రాలేదు.

"ఏంరా, గుండు గీయించుకున్నవ్? ఏ దేవునికి మొక్కినవ్? కొమ్రెల్లి మల్లన్నకా, యాములాడ రాజన్నకా?"

వాడు తల వంచుకుని పుస్తకం తెరిచాడు. వెనక నుంచి ఒకడు అందుకున్నాడు. "పాసయితే ఇస్తనని మొక్కి ఉంటడు సార్. నమ్మకం లేక ముందుగాలనే ఇచ్చిండు!"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. మా వైపు గుండు చూస్తే మొదట మొక్కే గుర్తుకొస్తుంది. ఇంట్లో ఎవరైనా పోతే కూడా గీయించుకుంటారన్నది ఆ క్షణాన నాకు తట్టనే లేదు.

తర్వాత పాఠంలోకి వచ్చాను. మోటారు పక్కన గుంత తవ్వి, బొగ్గూ ఉప్పూ వేసి, ఇనుప పైపు పాతి, దానికి తీగ కడతారనీ, మోటారు ఒంటికి కరెంటు పాకితే ఆ తీగ దాన్ని నేలలోకి దించుతుందనీ, నేల ఎండితే దించలేదనీ చెప్పాను. అందుకే గుంతలో నీళ్ళు పోస్తుండాలి. ఇక దీనికో ఉదాహరణ కావాలి. అంతకుముందు బస్సులో ఎవరో అనుకుంటుంటే విన్నాను, పరకాల దిక్కు ఒక రైతు మోటారు దగ్గర షాక్ కొట్టి పోయాడని. నేను విన్నది అంతే. మిగిలిందంతా నేనే కట్టాను. బీటలు వారిన గుంత, తడి చెయ్యి, చెప్పుల్లేని కాళ్ళు. "ఆ గుంతల ఒక్క బకెట్ నీళ్ళు పోసేటోడు లేకపాయె. పోసి ఉంటే ఇయ్యాల బతికి ఉండేటోడు" అని ముగించాను. క్లాసు కళ్ళార్పకుండా విన్నది.

మర్నాడు గుండు పిల్లవాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. జ్వరమేమో అనుకున్నాను. వారం చివర పరీక్ష పెడితే, ఎన్నడూ ఏమీ రాయనివాడు కూడా ఎర్తింగ్ గురించి పేజీ నిండా రాశాడు. ఆ సంతోషంలో వాడి బెంచీ వైపు చూసి, "మీ గుండాయన ఏడిరా?" అని పక్కవాణ్ణి అడిగాను.

"వాడు రాడు సార్."

"ఏమైంది?"

"మీరు చెప్పిండ్రు కద సార్, మోటర్ కాడ సచ్చిపోయినాయన. ఆయన వాళ్ళ అన్ననే." వాడి ఖాళీ చోటు వైపు చూస్తూ మళ్ళీ అన్నాడు. "ఆ గుంతల నీళ్ళు పోసుడు వాని పని. ఆదివారం ఊరికి పోయినప్పుడల్లా పోసేటోడు. వాళ్ళన్న సచ్చిపోయే ముందటి ఆదివారం పోలే. ఈడనే మాతోని ఆడుకున్నడు."

"మరి నాకు ఆనాడే ఎందుకు చెప్పలేదురా?"

"మీరు నవ్వుకుంట అడిగితిరి సార్. ఏమని చెప్పాలె?"

ఆ మధ్యాహ్నమే పరకాల బస్సెక్కాను. బస్సు ఆగిన ప్రతిచోటా దిగి పరుగెత్తాలనిపించింది. మనసులో ఒకే మాట తిరుగుతోంది: వాళ్ళది బావి ఉన్న పొలం. బావి అన్న మాట ఆలోచించకూడదనుకుంటే అదే ముందుకు వచ్చేది. వాడికి నేను చెప్పాల్సిన మాటలు కూర్చుకోబోతే ఒక్కటీ కుదరలేదు.

ఇంటి ముందు వాళ్ళ నాయిన మంచంలో కూర్చుని ఉన్నాడు. నేనెవరో చెప్పగానే లేచి నిలబడ్డాడు.

"కూసోన్రి సారు. బడికి పోనంటాండు. పొద్దున లేస్తే బాయి కాడనే ఉంటాండు. మీరన్న జర చెప్పున్రి."

కూర్చోలేదు. పొలం గట్ల మీద జారుతూ, లేస్తూ బావి వైపు నడిచాను. గిలక చప్పుడు వినబడ్డాకే నా నడక నెమ్మదించింది. వాడు బకెట్‌తో నీళ్ళు తోడి, మోసుకొచ్చి, ఎర్తు గుంతలో పోస్తున్నాడు. మోటారుకు అప్పటికి కరెంటే లేదు, తీగలు విప్పేశారు. గుంత చుట్టూ మడమలు దిగబడేంత బురద.

నన్ను చూసి బకెట్ కింద పెట్టాడు.

"నేను చెప్పింది అబద్ధం బిడ్డా. మీ గుంతను నేను సూడలే. మీ అన్న ఎట్ల పోయిండో నాకు తెల్వదు. పాఠం యాదికుండాలని కల్పించి చెప్పిన."

వాడు తల అడ్డంగా ఊపాడు.

"నా కోసం ఇప్పుడు అబద్ధమాడుతాండ్రు సార్ మీరు."

"కాదురా. ఆనాడే ఆడిన."

"మరి నీళ్ళు పోస్తే బతికేటోడా?"

"తెల్వదు."

వెనకాలే వచ్చిన వాళ్ళ నాయిన అన్నాడు. "లైన్‌మన్‌కే సమజ్ కాలేదు సారు, ఎందుకైందో. నువ్వు ఊకో కొడుకా."

వాడికది ఎక్కలేదు. బీటలు వారిన గుంతను, తడి చేతిని వాడు నా క్లాసులో కళ్ళారా చూశాడు. తెల్వదన్న మాటలో చూడటానికి ఏముంది? ఇన్నేళ్ళు కథలు చెప్పిన నాకు, ఆ నిజాన్ని వాడికి గుర్తుండేలా చెప్పడం చేతకాలేదు.

రోడ్డుదాకా నాతో నడిచాడు. బస్సు కోసం నిలబడ్డాక, తల వంచుకునే అడిగాడు.

"ఇంకోపాలి చెప్పున్రి సార్."

"కల్పించి చెప్పిన. ఎట్ల పోయిండో నాకు తెల్వదు."

వాడి పెదవులు కదిలాయి. ఎక్కం బట్టీ పట్టేటప్పుడు కదిలినట్టు. నేను మళ్ళీ చెప్పాను. వాడు మళ్ళీ అడిగాడు. దూరాన బస్సు దుమ్ము లేచింది.

"ఇంకొక్కపాలి సార్" అన్నాడు.